ఎవరి దగ్గర ఎన్ని రోజులున్నాయి

మా ఫ్యాక్టరీలో సమ్మె మొదలవడానికి మూడు నెలల ముందు నుంచీ ఓటీ (ఓవర్‌టైం) అడిగినవాడికి అడిగినంత ఇచ్చారు. అంతకుముందు ఏడాదంతా నాలుగు గంటల ఓటీ కోసం సూపర్‌వైజర్ల చుట్టూ తిరిగినవాళ్ళకి ఒక్కసారిగా ఆదివారాలు కూడా డ్యూటీ పడింది. జీతం కవరు బరువెక్కింది, అందరూ సంతోషంగానే ఉన్నారు. నేను స్టోర్స్‌లో గుమాస్తాని. లైన్ మీంచి వచ్చిన సరుకు లెక్క రాసుకుని గోడౌన్లో పెట్టించడం, ఆర్డర్ని బట్టి చలాన్ రాసి డిస్పాచ్‌కి పంపడం నా పని. ఆ మూడు నెలలూ వచ్చే సరుకు పెరిగింది, పోయే సరుకు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ముందు అరలు నిండాయి, తర్వాత అరల మధ్య దారులు నిండాయి, ఆఖరికి క్యాంటీన్ వెనక షెడ్డులో టార్పాలిన్లు కప్పి పెట్టాం. రోజూ సాయంత్రం నిల్వ అంకె వేసి కింద గీత గీసింది నా చెయ్యే. ఆ అంకె ఎందుకు పెరుగుతోందన్నది మాత్రం నాకు తట్టలేదు. పెద్ద ఆర్డరేదో వస్తోంది కాబోలు అనుకున్నాను.

మూడో నెలాఖరుకి పాత వేతన ఒప్పందం గడువు తీరింది. చర్చలు నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లూ లేచిపోయాయి. యూనియన్ నోటీసిచ్చింది. గేటు ముందు టెంటు లేచింది.

ఆ సమ్మె 41 రోజులు నడిచి ఓడిపోయింది. గోడౌన్లో ఉన్న సరుకు, రోజువారీ డిస్పాచ్ లెక్కన, 47 రోజులకు సరిపోయేది. ఈ ఆరు రోజుల తేడా గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకు వేశానో కిందికి వెళ్ళేసరికి మీకే తెలుస్తుంది.

సమ్మె అనగానే మాటలన్నీ ధర్మాధర్మాల మీదికి పోతాయి. కార్మికుల కోరిక సమంజసమేనా, యజమానికి లాభం ఎంత, జనాన్ని ఇబ్బంది పెట్టడం తగునా. అడగాల్సిన ప్రశ్నలే ఇవి. కానీ సమ్మె గెలుపోటములతో వీటికున్న చుట్టరికం చాలా దూరపుదని నాకు ఆ స్టాకు రిజిస్టరు నేర్పింది. ఎంతో న్యాయమైన కోరికలతో చేసిన సమ్మెలు మట్టికొట్టుకుపోయాయి. గొంతెమ్మ కోరికలతో దిగినవాళ్ళు వారం తిరక్కుండా గెలిచి లోపలికి వెళ్ళారు. సమ్మె అంటే ఎవరు ముందు అలిసిపోతారన్న పందెం. యజమాని రోజులు గోడౌన్లో ఉంటాయి, బ్యాంకులో ఉంటాయి. కార్మికుడి రోజులు వంటింటి డబ్బాల్లో ఉంటాయి, అప్పిచ్చేవాడి మంచితనంలో ఉంటాయి.

నేను కనిపెట్టిందేమీ లేదు ఇందులో. 1776లోనే ఆడం స్మిత్ ఈ లెక్క వేసిపెట్టాడు. యజమానులు కొద్దిమందే కాబట్టి చప్పుడు కాకుండా ఒక్కటవగలరు. ఒక్క పనివాణ్ణి పెట్టుకోకపోయినా అప్పటికే కూడబెట్టినదాని మీద ఏడాదో రెండేళ్ళో బతకగలరు. పనివాళ్ళలో చాలామంది వారం నిలవలేరు, కొద్దిమంది మాత్రమే నెల నిలుస్తారు, ఏడాది నిలిచేవాడు దాదాపు ఉండడు అన్నాడు. దీర్ఘకాలంలో ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి సమానమే గానీ, యజమాని అవసరానికి అంత తొందర లేదని కూడా చెప్పాడు. స్వేచ్ఛా వ్యాపారానికి పెద్దదిక్కుగా ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు ఈ పేజీ దగ్గరికి రాగానే గబుక్కున తిప్పేస్తారెందుకో.

చరిత్రలో రాతపూర్వకంగా మిగిలిన తొలి సమ్మె కూడా రోజుల లెక్కతోనే మొదలవుతుంది. ఈజిప్టులో మూడో రామ్సెస్ పాలన 29వ ఏట, అంటే ఇంచుమించు క్రీస్తుపూర్వం 1157లో, రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళు పనిముట్లు వదిలేసి బయటికి నడిచారు. వాళ్ళు మొదట అన్న మాట రాజు దుర్మార్గుడని కాదు, నెలలో 18 రోజులు గడిచిపోయినా మా ధాన్యం రాలేదని. ఆలయం వెనక కూర్చుని ఆకలితో దాహంతో వచ్చాం అన్నారు. అమెన్నఖ్త్ అనే లేఖకుడు ఆ సంగతి రాసిపెట్టాడు, ఆ కాగితం ఇప్పుడు ఇటలీలో టురిన్ మ్యూజియంలో ఉంది. ధాన్యం వచ్చింది, అదీ వాళ్ళు ఒకచోట కూర్చుని లేవకుండా, ఆలయం తర్వాత ఆలయంలోకి చొరబడ్డాకే. రాజు సమాధి చెక్కే పనితనం తెలిసినవాళ్ళు రాజ్యంలో ఇంకెక్కడా దొరకరన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. సమాధి పని ఆగితే రాజు వయసు ఆగదు కదా.

నిల్వ ఉన్నవాడిదే సమ్మె అన్న మాటకి బ్రిటన్ బొగ్గుగనుల కంటే మంచి పాఠం నాకింకోటి కనపడలేదు. 1972 జనవరిలో, నడిచలికాలంలో, గని కార్మికులు సమ్మెకు దిగారు. కరెంటు కేంద్రాల దగ్గర బొగ్గు కుప్పలు కరిగిపోయాయి, దీపాలు ఆరాయి, ఏడు వారాల్లో ప్రభుత్వం దిగొచ్చింది. రెండోసారి ఇంకా తెలివిగా చేశారు. 1973 నవంబరులో ముందు ఓవర్‌టైం మానేశారు. సమ్మె కాదు, ఓటీ మాత్రమే. దాంతో నిల్వ పెరగడం ఆగింది. 1974 జనవరి వచ్చేసరికి దేశం మొత్తానికి వారానికి మూడురోజుల పనిదినాలు పెట్టాల్సివచ్చింది. ఫిబ్రవరిలో పూర్తి సమ్మె. ప్రధాని ఎడ్వర్డ్ హీత్ దేశాన్ని ఏలేది ఎవరని అడుగుతూ ఎన్నికలకు వెళ్ళి ఓడిపోయాడు.

ఓడినవాళ్ళు మాత్రం ఆ పాఠం బట్టీ పట్టారు. 1970ల చివర్లో హీత్ పార్టీ అయిన కన్సర్వేటివ్ పార్టీలో నికొలస్ రిడ్లీ తయారుచేసిన పథకంలో ఉన్నవి గొప్ప రాజనీతి రహస్యాలేం కావు. కరెంటు కేంద్రాల దగ్గర బొగ్గు గుట్టలు వెయ్యండి, దిగుమతికి దారి చూసుకోండి, యూనియన్లో లేని లారీ డ్రైవర్లను చూసిపెట్టుకోండి, బొగ్గుతోనూ చమురుతోనూ నడిచే ఏర్పాట్లు చేసుకోండి. ఒక స్టోర్స్ గుమాస్తా రాసిన నోటులా ఉంటుంది. 1981 ఫిబ్రవరిలో గనుల మూసివేత మాట ఎత్తి, కార్మికులు కస్సుమనగానే, అదే పార్టీ ప్రధాని మార్గరెట్ థాచర్ వెనక్కి తగ్గింది. నిల్వ చాలదని ఆమెకు తెలుసు. తర్వాత మూడేళ్ళూ గుట్టలు వేస్తూ పోయారు. 1984 మార్చిలో, చలి తగ్గి కరెంటు వాడకం పడిపోయే కాలంలో, మూసివేతలు ప్రకటించారు. 1983 ఆఖరు నుంచే కార్మికులు ఓటీ మానేసి ఉన్నారు, కానీ అప్పటికే పోగుపడిన గుట్టల ముందు అది చాల్లేదు. ఏడాది పాటు నిలబడ్డారు. మధ్యలో కోర్టు యూనియన్ ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంది. ఆ చలికాలం దీపాలు ఆరలేదు. 1985 మార్చిలో బ్యాండు వాయించుకుంటూ, జెండాలు పట్టుకుని, ఏ ఒప్పందమూ లేకుండా గనుల్లోకి తిరిగివెళ్ళారు.

1974లో గెలిచిన కార్మికులకీ 1984లో ఓడిన కార్మికులకీ ధైర్యంలో తేడా ఏమీ లేదు. రెండోవాళ్ళదే ఎక్కువ ధైర్యమంటాను. తేడా అంతా కుప్పల్లో ఉంది.

మరి నిల్వ పెట్టుకోలేని యజమానైతే? అమెరికాలో ఫ్లింట్ పట్టణం. 1936 డిసెంబర్ 30న జనరల్ మోటార్స్ కార్మికులు బయటికి రాలేదు, ఫ్యాక్టరీ లోపలే కూర్చుండిపోయారు. వాళ్ళు ఆక్రమించిన వాటిలో ముఖ్యమైన ప్లాంటు ఫిషర్ బాడీ నంబర్ 1. కారు ఒంటిని అచ్చుగుద్దే డైలు ఉండేది అక్కడ. వాటిని ఇంకో ఊరికి తరలించేస్తారని పుకారు వచ్చింది, అందుకే ఆ రాత్రే కూర్చున్నారు. లక్షల మంది పనిచేసే కంపెనీలో కొన్ని వేలమంది సరైన గదిలో కూర్చున్నారంతే. బయట కూర్చుంటే కొత్తవాళ్ళతో లైను నడిపేవాళ్ళు. లోపల కూర్చుంటే మెషీను దగ్గరికి పోవడానికి దారే లేదు. గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ సైన్యాన్ని పిలిచాడు గానీ కార్మికుల్ని ఖాళీ చేయించడానికి వాడలేదు. 44 రోజుల తర్వాత, 1937 ఫిబ్రవరి 11న, కంపెనీ యూనియన్‌ను గుర్తించింది. ఒప్పందం పేజీ దాటలేదంటారు. రెండేళ్ళు తిరిగాయో లేదో, 1939లో, అలా లోపల కూర్చోవడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. గెలిపించిన ఆయుధాన్ని ఎక్కువ కాలం చేతుల్లో ఉండనివ్వరు.

1980ల తర్వాత యజమానులే తమ గోడౌన్లను ఖాళీ చేసుకున్నారన్నది నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది. నిల్వ పెట్టడం దండగ ఖర్చు, ఏ రోజుకి కావాల్సిన విడిభాగం ఆ రోజే రావాలి అన్న జపాన్ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మేనేజ్‌మెంట్ పుస్తకాలన్నీ దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. 1996 మార్చిలో ఒహైయో రాష్ట్రం డేటన్‌లో బ్రేకులు చేసే రెండు ప్లాంట్లలో దాదాపు 3 వేలమంది సమ్మె చేస్తే, జనరల్ మోటార్స్ ఉత్తర అమెరికా అసెంబ్లీ ప్లాంట్లలో చాలా భాగం నిలిచిపోయింది, లక్షన్నర మందికి పైగా ఖాళీగా కూర్చున్నారు. బ్రేకుల్లేని కారు ఎవరు కొంటారు? 17 రోజుల్లో ముగిసింది. పొదుపు చేసిన ప్రతి అరా కార్మికుడికి ఒక రోజు అప్పిచ్చినట్టే అయింది.

2023లో అమెరికా ఆటో యూనియన్ ఈ కిటుకును ఇంకో మలుపు తిప్పింది. మూడు కంపెనీల మీద ఒకేసారి సమ్మె ప్రకటించి, మొదటి రోజు ఒక్కో కంపెనీలో ఒక్కో ప్లాంటునే ఆపింది. తర్వాత ఏది ఆపుతుందో ముందు చెప్పలేదు. ఏ విడిభాగం నిల్వ పెట్టుకోవాలో కంపెనీలకి తెలియదు. యూనియన్ సమ్మె నిధి 82 కోట్ల డాలర్లకు పైగా ఉంది, పని మానినవాడికి వారానికి 500 డాలర్లు. అందర్నీ ఒకేసారి బయటికి పిలవకపోవడం వల్ల ఆ నిధి ఎక్కువ రోజులు వచ్చింది. ఆరు వారాల్లో, నాలుగున్నరేళ్ళ ఒప్పందం మీద 25 శాతం పెంపు సాధించారు. నేను స్టోర్స్‌లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ వార్త చదువుతూ, ఈ యూనియన్ ఆఫీసులో నాలాంటివాడెవడో ఉండే ఉంటాడనుకున్నాను.

ఇంత పొద్దు గెలుపుల గురించి చెప్పి బొంబాయి మాట ఎత్తకపోతే అన్యాయం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది బట్టల మిల్లు కార్మికులు పని మానేశారు. అంత పెద్ద సమ్మె, అంత ఓపిక. కానీ బట్ట నేయడానికి బొంబాయి మిల్లులే అక్కర్లేదు. పవర్‌లూమ్ షెడ్లు ఉన్నాయి, మిల్లు ముద్ర వేసుకుని అమ్ముకోవడానికి ఆ బట్ట చాలు. మిల్లు కింద ఉన్న నేల విలువ మిల్లు విలువను దాటిపోయింది. మూసుకుంటే లాభపడే యజమాని మీద సమ్మె చేయడం అంటే అతను చేయాలనుకున్న పనిని మన చేతులతో చేసిపెట్టడమే. ఆ సమ్మెను ఎవరూ లాంఛనంగా విరమించలేదు. మిల్లులున్న చోట ఇప్పుడు మాల్స్, ఆకాశహర్మ్యాలు ఉన్నాయి. సామంత్‌ని 1997 జనవరిలో కాల్చి చంపారు. కార్మికులు చూపించిన తెగువ మీద నాకున్న గౌరవం అలాగే ఉంచుకుని చెప్తున్నాను: నీ గైర్హాజరీ వల్ల అవతలివాడికి రోజుకి ఎంత పోతోందో లెక్క తెలియకుండా దిగకూడదు. ఆ లెక్క సున్నా అయితే ఇంకో దారి వెతుక్కోవాలి.

సరుకును గోడౌన్లో దాచొచ్చు గానీ సేవను దాచలేరు. నిన్నటి బస్సు ప్రయాణాన్ని ఇవాళ వాడుకోలేం, రేపటి పాపాయి ఆలనను ముందే చేసిపెట్టుకోలేం. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో 90 శాతం ఆడవాళ్ళు ఉద్యోగమూ ఇంటిపనీ రెండూ మానేశారు. ఒక్కటంటే ఒక్కరోజు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్ళారు. మరుసటి ఏడాదే పార్లమెంటు సమానత్వ చట్టం చేసింది. నిల్వ లేని పని ఆగితే ఒక్కరోజు చాలునని ఇంత చక్కగా చూపించిన సమ్మె నాకు తెలిసి లేదు.

కానీ సేవల్లో ఇంకో చిక్కు ఉంది. దెబ్బ వెంటనే తగులుతుంది, నిజమే. ఎవరికి? తెలంగాణ ఆర్టీసీ కార్మికులు, సుమారు 48 వేలమంది, 2019 అక్టోబర్ 5న సమ్మెలోకి దిగారు. పండగ ప్రయాణాల రద్దీ సమయం చూసుకునే దిగారు. లాభం తెచ్చే సంస్థకైతే అది చావుదెబ్బ. నష్టాల్లో ఉన్న సంస్థకి బస్సు ఆగితే డీజిల్ మిగులుతుంది. ఆగిపోయిన బస్సు దెబ్బ ప్రయాణికుడికి తగిలింది, ప్రభుత్వానికి తగల్లేదు. వాళ్ళు తమంతట తామే ఉద్యోగాలు పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించారు. 52 రోజుల తర్వాత సమ్మె విరమించి డిపోలకి వెళ్తే లోపలికి రానివ్వలేదు, ఆ తర్వాత కొన్ని రోజులకి పిలిచి చేర్చుకున్నారు. ప్రధాన కోరికైన ప్రభుత్వ విలీనం ఆ సమ్మెతో రాలేదు. జపాన్‌లో ఒకాయామా బస్సు డ్రైవర్లు 2018లో ఒక పని చేశారు: బస్సులు నడిపారు, టిక్కెట్టు డబ్బులు మాత్రం తీసుకోలేదు. దెబ్బ నేరుగా గల్లాపెట్టెకి తగిలింది, ప్రయాణికుడు నవ్వుకుంటూ దిగాడు. ఇది వినగానే ఆర్టీసీలో పనిచేసిన ఒక పెద్దాయన, ‘మేమలా చేస్తే సమ్మె కాదు నాయనా, దొంగతనం కేసవుతుంది’ అన్నాడు. ఆయన మాటా నిజమే. ఏ దెబ్బ అవతలివాడికి సూటిగా తగులుతుందో దాన్నే చట్టం ముందు నిషేధిస్తుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి. సమ్మె చట్టాలను ఓపిగ్గా చదివితే వాటిలో హక్కుల కంటే క్యాలెండరే ఎక్కువ కనిపిస్తుంది. మన దేశంలో 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద ముందస్తు నోటీసు నీళ్ళు, కరెంటు, రైళ్ళు లాంటి ప్రజావసర సేవలకే ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో అన్ని సంస్థల్లోనూ 14 రోజుల నోటీసు తప్పనిసరైంది. రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం, అవి ముగిశాక మరో ఏడు రోజులు, సమ్మె కూడదు. వివాదం ట్రిబ్యునల్లో ఉంటే అది తేలాక 60 రోజుల దాకా కూడదు. సగంమందో అంతకంటే ఎక్కువమందో ఒకేరోజు సెలవు పెట్టినా అది సమ్మే. యజమాని ఫ్యాక్టరీకి తాళం వేసే లాకౌట్‌కి కూడా ఇవే గడువులు వర్తిస్తాయి, సమానత్వమే అంటారు. నోటీసిచ్చిన 14 రోజుల్లో కార్మికుడు ఏం చేయగలడు? ఎదురుచూస్తాడు. యజమాని ఏం చేయగలడు? మూడు షిఫ్టులు నడిపి గోడౌన్ నింపుతాడు, కాంట్రాక్టు లేబర్‌ని మాట్లాడుకుంటాడు, పక్క ప్లాంటుకి అచ్చులు తరలిస్తాడు. ఇద్దరికీ ఇచ్చింది అవే 14 రోజులు.

కాలాన్ని అటు కుదించడం కూడా చేస్తారు. 1981 ఆగస్టు 3న అమెరికాలో దాదాపు 13 వేలమంది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మె చేస్తే రొనాల్డ్ రీగన్ 48 గంటలు గడువిచ్చాడు. 11 వేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అంతకు ముందు ఏడాది ఎన్నికల్లో ఆయనకి మద్దతిచ్చిన యూనియనే అది, పాపం. సూపర్‌వైజర్లతో, సైన్యం కంట్రోలర్లతో, తగ్గించిన విమానాలతో నడిపే ప్లాను అప్పటికే సిద్ధంగా ఉంది. 48 గంటలు కంట్రోలర్ల కోసం పెట్టిన గడువు. ప్రభుత్వం తన గడువును నెలల ముందే వాడేసుకుంది.

ఇక కార్మికుడి గోడౌన్ సంగతి. మా సమ్మెలో మొదటి వారం టెంటులో పాటలు, ఉపన్యాసాలు, నవ్వులు. రెండో వారానికి ఉపన్యాసాలు మిగిలాయి. మూడో వారం నుంచి కొంతమంది రావడం తగ్గించారు. ఎక్కడో రోజుకూలికి వెళ్తున్నారని అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఓటీ డబ్బులు దండిగా వచ్చిన మూడు నెలల్లో చాలామంది వాయిదాల మీద బళ్ళు, టీవీలు కొన్నారు. నాకు ఇది తర్వాత తట్టి ఒళ్ళు జలదరించింది. ఓటీ గోడౌన్‌ని నింపడమే కాదు, ప్రతి ఇంటినీ నెలనెలా కట్టాల్సిన ఒక కాగితానికి కట్టేసింది. మేనేజ్‌మెంట్ అంతదాకా ఆలోచించిందని నేననను. ఆలోచించకపోయినా పని జరిగిపోయింది.

2023లో హాలీవుడ్ రచయితల సమ్మెప్పుడు ఇదే మాట పచ్చిగా బయటికి వచ్చింది. సభ్యులు అద్దె ఇళ్ళూ సొంతిళ్ళూ పోగొట్టుకోవడం మొదలయ్యేదాకా సాగదీయడమే వ్యూహమని పేరు చెప్పని ఒక స్టూడియో అధికారి అన్నట్టు పత్రికలో వచ్చింది. అది మా మాట కాదని స్టూడియోల సంఘం అంది. రచయితలు 148 రోజులు నిలబడి మంచి ఒప్పందంతోనే బయటపడ్డారు. ఆ అధికారి చెప్పింది కొత్త వ్యూహమా? ఆడం స్మిత్ లెక్కే, మర్యాద తీసేసి చెప్పాడు.

అహ్మదాబాద్‌లో 1918 మిల్లు సమ్మెలో గాంధీ చందాలు పోగుచేసి కార్మికుల్ని పోషించడానికి ఒప్పుకోలేదు. దానం మీద నిలిచే సమ్మె నిలవదని ఆయన నమ్మకం. పని లేనివాళ్ళని ఆశ్రమంలో కడుతున్న నేతశాల పునాదిలో ఇసక పోసే పనికి పెట్టారు. అనసూయా సారాభాయి నెత్తిన తట్ట పెట్టుకుని ముందు నడిచింది. అవతల మిల్లు యజమానుల తరఫున ఉన్నది ఆమె సొంత తమ్ముడు అంబాలాల్ సారాభాయి. కార్మికులు అడిగింది 35 శాతం పెంపు, యజమానులు 20 అన్నారు. మూడు వారాలు దాటేసరికి గుంపు పలచబడింది. మీకేం, కార్లో వస్తారు పోతారు, కడుపునిండా తింటారు అని ఎవరో కార్మికులు అన్నది గాంధీ చెవిన పడింది. అప్పుడు ఆయన ఉపవాసం మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. తర్వాత మధ్యవర్తి 35 శాతమే ఇవ్వాలన్నాడు. ఆ ఉపవాసం స్నేహితులైన యజమానుల మీద ఒత్తిడి అయిందని, అది దోషమేనని గాంధీయే ఒప్పుకున్నాడు. నాకైతే ఆయన చేసిన పని ఒక్కటే కనిపిస్తుంది: కార్మికుల రోజులు అయిపోతుంటే తన ఒంట్లోంచి మూడు రోజులు అప్పు ఇచ్చాడు.

యూనియన్లకి మచ్చలు లేవని నేను చెప్పబోవడం లేదు. 1984లో బ్రిటన్ గని కార్మికుల నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ దేశవ్యాప్త ఓటింగు పెట్టకుండా దిగడం నాటింగ్‌హామ్‌షైర్ గనులు నడవడానికి సాకైంది. వాళ్ళు తవ్విన బొగ్గు కూడా ఆ గుట్టలకే కలిసింది. మా దగ్గర ఇద్దరు నాయకుల మధ్య పంతం లేకపోతే రెండో వారంలోనే రాజీకి వీలుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వెనక్కి తగ్గడానికి ఒక మెట్టు ఉంచుకోకుండా పైకెక్కేవాళ్ళని ఎవరు కాపాడతారు? నాయకుడి జీతం యూనియన్ నుంచి వస్తున్నప్పుడు అతని రోజులూ కార్మికుడి రోజులూ ఒకే వేగంతో తరగవు. ఈ మాట అన్నందుకు నన్ను తిట్టేవాళ్ళు తిట్టొచ్చు.

తిట్టడానికి ఇంతకంటే మంచి కారణం నేనే ఇస్తాను. మా ఫ్యాక్టరీలో స్టోర్స్ వాళ్ళు ‘స్టాఫ్’, యూనియన్ సభ్యులు కాదు. కాబట్టి సమ్మె రోజుల్లోనూ నేను గేటు దాటి లోపలికి వెళ్ళాను. టెంటులోవాళ్ళు నన్ను ఏమీ అనలేదు, తల తిప్పుకున్నారంతే. లోపల సూపర్‌వైజర్లు, నేను, ఓ పదిమంది కాంట్రాక్టు కూలీలు కలిసి రోజూ రెండు లారీలు నింపేవాళ్ళం. 20వ రోజు దాటాక నాకు రిజిస్టరులోని అంకెకి అర్థం తెలిసింది. ఇంత సరుకు, రోజుకి ఇంత, మిగిలింది ఇన్ని రోజులు. 35వ రోజుకి క్యాంటీన్ వెనక షెడ్డు ఖాళీ అయింది. 38వ రోజున మేనేజరు గోడౌన్లోకి వచ్చి అరల మధ్య మౌనంగా నడిచాడు. ఆయన మొహం చూశాను. కొనుగోలుదారు కంపెనీ నుంచి రోజుకి మూడేసి ఫోన్లు వస్తున్నాయి. లైను నడవకపోతే ఇంకో వారంలో ఆ ఆర్డరు ఇంకో సప్లయర్‌కి పోతుంది.

ఆ సాయంత్రం గేటు దగ్గర మిల్లింగ్ సెక్షన్లో పనిచేసే అతను, నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను ఆపాడు. ‘ఏం తమ్ముడూ, లోపల ఇంకా ఉందా సరుకు?’ అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. ‘ఉందన్నా, చాలా ఉంది’ అన్నాను. అబద్ధం కూడా కాదు. చూసేవాడికి తొమ్మిది రోజుల సరుకు చాలానే అనిపిస్తుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డానా, మాట బయటికి పోతే నామీదకి వస్తుందనుకున్నానా, సరిగ్గా చెప్పలేను. నేను ‘తొమ్మిది రోజులు’ అని ఉంటే వాళ్ళు తొమ్మిది రోజులు ఆగేవాళ్ళు. 41వ రోజున మంచి నడవడికతో ఉంటామని బాండు కాగితాల మీద ఒక్కొక్కరే సంతకం పెట్టి లోపలికి వచ్చారు. ఏడుగురిని రానివ్వలేదు. ఆ అన్న ఏడుగురిలో ఒకడు.

ఓడిన సమ్మె అక్కడితో ఆగిపోదని కొందరు ఓదారుస్తుంటారు, అందులో నిజం లేకపోలేదు. 1974 మేలో 17 లక్షల మంది రైల్వే కార్మికులు జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో 20 రోజులు సమ్మె చేశారు. వేలమందిని జైల్లో పెట్టారు, ఉద్యోగాలు తీశారు, రైల్వే క్వార్టర్లలోంచి కుటుంబాల్ని బయటికి నెట్టారు. ఏమీ ఇవ్వకుండానే సమ్మె ముగిసింది. అప్పుడు అడిగిన బోనసు ఐదేళ్ళ తర్వాత, ఇంకో ప్రభుత్వం వచ్చాక, దక్కింది. కానీ ఐదేళ్ళు ఆగగలిగినవాళ్ళకే అది ఓదార్పు. మధ్యలో ఇల్లు ఖాళీ చేసినవాళ్ళకి ఆ మాట ఎలా చెప్తాం?

మా ఫ్యాక్టరీలో తర్వాతి ఒప్పందం గడువు దగ్గరపడుతున్నప్పుడు యూనియన్ కొత్త కార్యదర్శి ఒక చిన్న నిర్ణయం తీసుకున్నాడు. చివరి మూడు నెలలు ఎవరూ ఓటీ చేయకూడదు. దానికి నోటీసులూ లేవు, టెంటూ లేదు. కొంతమంది గొణిగారు, డబ్బు పోతోందని. గోడౌన్లో అరల మధ్య దారులు ఖాళీగానే ఉన్నాయి. ఆసారి సమ్మె జరగలేదు. రెండో విడత చర్చల్లోనే సంతకాలయ్యాయి. ఆ ఆలోచన అతనికి ఎవరిచ్చారని నన్నడగొద్దు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. మా బావమరిది కొడుకు ఆన్‌లైన్ ఆర్డర్లు సర్దే ఒక పెద్ద వేర్‌హౌస్‌లో చేస్తున్నాడు. జీతాల గురించి వాళ్ళలో వాళ్ళు ఏదో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారట, వచ్చే నెల మేనేజ్‌మెంట్‌ని కలుస్తారట. మొన్న ఫోన్లో హుషారుగా చెప్పాడు: ‘మామయ్యా, ఈ నెల ఓటీ విపరీతంగా ఇస్తున్నారు.’

‘స్టాకు ఎంతుందిరా లోపల?’ అన్నాను.

‘అదంతా సిస్టంలో ఉంటుంది మామయ్యా. మాకు మా స్కానర్లో తర్వాతి ఐటెం ఒక్కటే కనపడుతుంది.’